సగటున ఏమీ కాదు

ఆలస్యం రోబోకు దోషం కాదు, సంస్కారం! నవ్వకండి. చెప్పిన క్షణంలో పని చేసిపెట్టేవాడిని ఏ ఆఫీసులోనైనా గౌరవించగా చూశారా?

మా సీసాల ఫ్యాక్టరీ మేనేజరుగారు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. అక్కడ ఒక ఇనుప చెయ్యి ట్రేలోని సీసాలు ఎత్తి పెట్టెలో సర్దుతుంది. ఎక్కడికి కదలాలో, ఎక్కడ ఆగాలో ఒక లినక్స్ కంప్యూటరు దానికి సెకనుకు వెయ్యిసార్లు చెబుతుండాలి. పాపం, దానికి అదొక్కటే పనా? మేనేజరుగారి గదిలోని పెద్ద తెరకు రంగురంగుల గ్రాఫులు పంపాలి. అప్‌డేట్లు దించుకోవాలి. ఎవరు తుమ్మినా లాగ్ ఫైల్లో రాసుకోవాలి. ఈ హడావుడిలో ఆగమన్న మాట ఒక్కోసారి అర సెకను లేటుగా అందుతుంది.

అర సెకనే కదండీ! లిఫ్టు కోసం మనం అంతకంటే ఎక్కువ సేపు నిలబడటం లేదా?

ట్రేలు అందించే అక్క మాత్రం ఊరుకోలేదు. ఆ చెయ్యి ఆగాల్సిన చోట ఆగక ఆమె చూపుడువేలి గోరు ఊడగొట్టింది మరి. ఆ కంప్యూటరు చూసుకునే ప్రోగ్రామరు ఒట్టి చాదస్తుడు. రెండు వారాలు కూర్చుని ఆలస్యాలన్నీ కొలిచి, అక్కను వెంటబెట్టుకుని మేనేజరు గదికి వెళ్లాడు.

"సార్, రియల్‌టైమ్ కెర్నల్ అని ఒకటుంది, ఆ కంప్యూటర్లో అది వేద్దాం. చేతి పని రాగానే మిగతావన్నీ పక్కకు తప్పుకుంటాయి. మీ గ్రాఫులు ఇంకో కంప్యూటర్‌లో పెట్టుకుందాం."

"నా గ్రాఫులు నీకేం అడ్డొచ్చాయయ్యా? సగటు ఆలస్యం ఎంత?"

"సగటు తక్కువే సార్. కానీ ఎప్పుడో ఒకసారి..."

"మరింకేం! సగటున ఏమీ కాదమ్మా, వెళ్లి పని చూసుకో."

ఎంత విశాల హృదయం! లక్షసార్లు బుద్ధిగా ఆగిన చేతిని ఒక్కసారి ఆగలేదని ఆడిపోసుకుంటామా? అక్కకు మాత్రం పది గోళ్లలో తొమ్మిది భద్రంగా లేవూ?

నిన్న యజమాని తనిఖీకి వచ్చారు. గ్రాఫులు చూసి మురిసిపోయి, "ఏదీ, ఆ ట్రే నువ్వే ఒకసారి అందించు, ఫొటో తీద్దాం" అన్నారు. మేనేజరుగారు ట్రే పట్టుకున్నారు. ఇనుప చెయ్యి కిందికి దిగుతోంది. ఆయన చటుక్కున చేతులు వెనక్కి లాక్కున్నారు.

"ముందు కరెంటు తీసెయ్యండి!" అని కేక పెట్టారు.

అక్క కట్టు కట్టిన వేలితోనే ట్రే సరిచేసింది. "సగటున ఏమీ కాదు సార్, పెట్టండి."

మధ్యాహ్నానికల్లా రియల్‌టైమ్ కెర్నల్ ఎక్కింది, గ్రాఫులు వేరే కంప్యూటరుకు మారాయి. గంట పని!

అక్క గోరు ఊడి నిన్నటికి ఇరవై మూడు రోజులు. పాపం, ఇనుప చెయ్యి ఆలస్యం చేసింది అర సెకనే.