ఆదర్శ పొదుపరి తిక్కయ్య

ఖర్చు అనే దురాచారాన్ని ఆదోని తాలూకానుంచి రెండేళ్లలో తరిమికొడతామని పొదుపు ప్రచార సంఘం అధ్యక్షులు శ్రీ చంద్రమౌళి శెట్టిగారు పదిహేడు పూలదండల మధ్యనుంచి ప్రకటించారు. ఎన్నికల్లో ఓడినా దేశసేవ మానని మహనీయుడాయన. ఆయన సభలన్నింటికీ నేను పత్రికా విలేకరిగా హాజరవుతాను. పత్రికవాళ్లు నాకేమీ ఇవ్వరు గాని, సంఘం సభల్లో బొరుగుల ఉగ్గాని, వేడి మిరపకాయ బజ్జీలు పెడతారు.

ఒక పేద విద్యార్థికి పరీక్ష ఫీజు సంఘమే కడుతుందని కూడా ఆ సభలో ప్రకటించారు. మర్నాడే తిక్కయ్య దరఖాస్తు తెచ్చాడు. ఎమ్మిగనూరు మగ్గాలవాళ్ల పిల్లవాడు. ఆదోనిలో పత్తి దుకాణం మేడమీదున్న ట్యుటోరియల్ కాలేజీలో ఇంటర్ చదువుతూ, వారాలు చేసుకుని బతుకుతున్నాడు. రోజుకొక ఇంట్లో భోజనం. ఫీజుకు గడువు పదిరోజులే ఉంది. కట్టకపోతే ఈ ఏడు చదువు గంగలో కలిసినట్టే.

"నెలకు నీ ఖర్చెంతప్పా?" అన్నారు అధ్యక్షులు.

"ఏమీ లేదు సామీ."

"మరి అన్నం?"

"వారాలు సామీ. సోమవారం గోపాలయ్య శెట్టిగారింట్లో. మంగళవారం తమ ఇంట్లోనే."

అధ్యక్షులు ఉలిక్కిపడ్డారు. తమ ఇంట్లో ఇంత దానం జరుగుతున్నట్టు ఆయనకు తెలియదు.

"బట్టలు?"

"మా నాయిన నేసిస్తాడు."

"కాగితాలు?"

"ఎలక్షన్ కరపత్రాలు సామీ. వెనకపక్క తెల్లగుంటాయి. తమవి ఇంకా రెండు కట్టలుండాయి. ఈ దరఖాస్తు గూడా దానిమీందే రాసినా."

అధ్యక్షులు దరఖాస్తు తిరగేశారు. 'పేద విద్యార్థులందరికీ ఉచిత చదువు' అని పెద్ద అక్షరాలు, కింద ఆయన ఫోటో. ఆయన కళ్లు చెమర్చాయి.

"ఎంత బాగా అచ్చేసినారప్పా!" అన్నారు.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. దమ్మిడీ ఖర్చు లేకుండా బతికేవాడికి ఫీజు ఇస్తే అతని పొదుపు చెడిపోతుందని ఏకగ్రీవంగా తేల్చింది. ఫీజుకు బదులు 'ఆదర్శ పొదుపరి' బిరుదు, ఒక శాలువా, ఒక రేకు హుండీ ఇచ్చారు. హుండీ తాళంచెవి సంఘం దగ్గరే భద్రపరిచారు.

సన్మాన సభలో అధ్యక్షులు గొంతు పెంచారు. "అమ్మలారా! ఈ పిల్లోన్ని చూసి నేర్చుకోండి. మీ ఇండ్లల్లో అనవసరమైన ఖర్చు ఒకటి ఈ పొద్దే నిలపండి!"

ముందు వరసలోని ఇల్లాళ్లు అక్కడికక్కడే ప్రమాణం చేశారు.

సోమవారం గోపాలయ్యగారి భార్య కమలమ్మ తిక్కయ్యను గడపలోనే ఆపింది. "ఏమనుకోవద్దప్పా. అనవసరమైన ఖర్చు ఏదుందా అని ఇల్లంతా యెతికినా. నువ్వొక్కడే కనపడితివి."

మంగళవారం అధ్యక్షులవారింట వంటమనిషి ఈ మాటే చెప్పాడు. ఆదివారానికి ఏడిళ్లూ పొదుపులో చేరిపోయాయి. ఏ ఉద్యమమూ ఇంత వేగంగా సాగలేదని నేను పత్రికకు రాశాను. రాస్తుంటే కొంచెం సిగ్గేసింది. ఆ సంగతి మాత్రం వార్తలో రాయలేదు.

ఆ మర్నాడు తిక్కయ్య ముఖం వేలాడేసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నువ్వు యాడ తింటాండావు?"

దాచడమెందుకని ఉన్నమాట చెప్పాను. "సంఘం మీటింగుల్లో."

"వారానికెన్ని జరుగుతాయి?"

"ఇప్పుడు దినామూ జరుగుతాండాయి."

తిక్కయ్య చాలాసేపు ఆలోచించాడు. ఈలోపల ఫీజు గడువు దాటిపోయింది.

పరీక్షలు మొదలైన రోజున కోడుమూరులో పొదుపు మహాసభ జరిగింది. అధ్యక్షుల పక్క కుర్చీలో సంఘం ప్రచార కార్యదర్శి శ్రీ తిక్కయ్యగారు శాలువాతో కూర్చున్నారు. కొంచెం ఒళ్లు కూడా చేశారు. బజ్జీలయ్యాక లేచి, ఖర్చు లేకుండా చదువుకోవడం ఎలాగో గంటసేపు చదివి వినిపించారు.

నేను పక్కనుంచి తొంగిచూశాను. చేతిలో ఇరవై కాగితాలున్నాయి. అన్నీ సంఘంవారివే, సరికొత్తవి. ఒకవైపే రాశారు.