కుక్క తరఫు బామ్మ

హలో... హలో... అందరికీ వినపడుతోందా? ఎవరింట్లోనో కుక్కర్ కూత పెడుతోంది, కాస్త స్టవ్ కట్టేసి రండి. మీరొచ్చాకే మొదలుపెడతాను.

వచ్చారా? సరే, వినండి. ఇండియానా రాష్ట్రంలో, మా పెల్హామ్ క్రీక్ ఊళ్లో, బీన్స్ డబ్బా మీదున్న బామ్మ అసలు బామ్మే కాదని గౌరవనీయ న్యాయస్థానం వారు కనిపెట్టారు. ఆ డబ్బా కొనుక్కు తిన్న లక్షలాది ప్రజల మనసుకు తగిలిన దెబ్బకు పరిహారం కూడా ప్రకటించారు. ఇంత గొప్ప న్యాయం కళ్లారా చూశాక నాకు కోర్టుల మీద గౌరవం రెట్టింపయింది. బీన్స్ మీద గౌరవం మామూలుగానే ఉంది.

ముందు ఆ డబ్బా గురించి చెప్పాలి. దాని పేరు 'వెల్డా బామ్మ బీన్స్'. పాకంలో ఉడికించిన గింజలు, తియ్యగా, చిక్కగా, పొగ వాసనతో ఉంటాయి. డబ్బా మీద తెల్లజుట్టు ముడి, ఎర్ర ఏప్రాన్, చేతిలో చెక్క గరిటెతో ఒకావిడ నవ్వుతూ ఉంటుంది. కింద పెద్ద అక్షరాల్లో ఇలా ఉంటుంది: 'బామ్మ వంటింట్లో, బామ్మ చేతులతో, బామ్మ ప్రేమతో.'

ఆవిడ పేరు నిజంగానే వెల్డా. వెల్డా క్రౌస్. మా ఊరి బీన్స్ ఫ్యాక్టరీలో జీతాల లెక్కలు చూసేది. ఫోటో తీసే రోజున రావలసిన మోడల్, తన కారు టైరు పగిలి దారిలో ఆగిపోతే, కంపెనీ వాళ్లు వెల్డా తల మీద ఇంత పౌడర్ చల్లి, చేతికి గరిటె ఇచ్చి నిలబెట్టారు. ఆవిడ అంతకుముందు గరిటె పట్టుకున్న దాఖలా లేదు. రాత్రి భోజనం అంటే బ్రెడ్డు మీద చీజ్ ముక్క. ఇంట్లో పొయ్యి మీద పాత పత్రికలు పేర్చుకునేది. కాలక్రమేణా జుట్టు దానంతటదే తెల్లబడి, కంపెనీకి పౌడర్ ఖర్చు తగ్గించింది. ఉద్యోగి అంటే అలా ఉండాలి.

ఊళ్లో మాత్రం అందరికీ ఆవిడ బామ్మే. జూలై నాలుగున, అమెరికా స్వాతంత్ర్య దినాన, ఊరేగింపులో అందరికంటే ముందు ట్రాక్టర్ బండి మీద ఆవిడ కూర్చుని చాక్లెట్లు విసిరేది. పిల్లలు "బామ్మా, ఇటు! బామ్మా, ఇటు!" అని వెంటపడేవాళ్లు. భర్త పోయాడు. ఒక్కడే కొడుకు డ్వేన్, బంతి దొర్లించి కొయ్య సీసాలు పడగొట్టే బౌలింగ్ ఆట హాల్లో యంత్రాలు బాగు చేస్తాడు, పెళ్లి లేదు, ఒక కుక్క ఉంది. కాబట్టి ఆవిడను బామ్మా అని పిలిచేవాళ్లందరూ పరాయి పిల్లలే. ఆ పిలుపు కోసం ఆవిడ ఏడాదంతా ఎదురు చూసేది. డబ్బా మీద బొమ్మ ఉన్నంత కాలం పిలుపు ఉంటుందని ఆవిడకు తెలుసు.

ఇలా అందరూ హాయిగా తింటున్న రోజుల్లో టీవీలో షికాగో లాయరు బ్రాడ్లీ స్టెర్న్‌హోల్ట్ గారి ప్రకటన వచ్చింది. "మీరు డబ్బా చూసి మోసపోయారా? మోసపోయారో లేదో మీకే తెలియదా? అయితే మీరు చాలా ఘోరంగా మోసపోయినట్టే. వెంటనే ఫోన్ చేయండి!"

మొదట ఫోన్ చేసింది గ్లెండా పూల్. ఎవరీ గ్లెండా అంటారా? ప్రతి శుక్రవారం వెల్డాకు జుట్టు కడిగి, ముడి వేసి, దాని మీద స్ప్రే కొట్టే మనిషి. ఊళ్లో ఆవిడదే బ్యూటీ పార్లర్. దేశంలోని బీన్స్ ప్రియులందరి తరఫునా ఆవిడే దావా వేసింది. వాంగ్మూలం తీసుకునేటప్పుడు కంపెనీ లాయరు అడిగాడు:

"ఏమ్మా, ఇన్నేళ్లుగా ఆవిడ జుట్టు నీ చేతుల్లోనే ఉంది కదా. నువ్వు వండుతావా అని ఒక్కసారైనా అడగలేదా?"

"నేను జుట్టు దువ్వే మనిషినండీ, కూపీలు లాగే మనిషిని కాదు."

"మరి ఆవిడే ప్రతి డబ్బా వండుతోందని ఎలా నమ్మావు?"

"డబ్బా మీద రాసుందిగా! అచ్చేసిన మాట నమ్మాలా, ఎదురుగా కూర్చున్న మనిషిని నమ్మాలా?"

ఈ జవాబు విని కంపెనీ లాయరు నీళ్లు తాగాడు. మర్నాడే రాజీకి కబురు పంపాడు.

ఆ శుక్రవారం కూడా వెల్డా మామూలుగానే పార్లర్‌కి వెళ్లింది.

"ఏమే గ్లెండా, నా మీద కోర్టుకెక్కావట?"

"నీ మీద ఎందుకెక్కుతానే పిచ్చిమొహమా? డబ్బా మీదున్న దాని మీద ఎక్కాను. నువ్వు తల వెనక్కి పెట్టు, షాంపూ కంట్లో పడుద్ది."

రాజీ షరతులు ప్రజలకు ఎంతో మేలు చేసేవి. స్టెర్న్‌హోల్ట్ గారికి సరస్సు ఒడ్డున ఇల్లు కట్టుకునేటంత ఫీజు. నష్టపోయిన ప్రజలకు, అవే బీన్స్ మళ్లీ కొనుక్కుంటే కొంత తగ్గింపు ఇచ్చే కూపన్. కూపన్ కావలసినవాళ్లు 'బామ్మ స్వయంగా వండిందని మనసా వాచా నమ్మి కొన్నాను' అని ప్రమాణం చేయాలి. మా ఊరు ఊరంతా చేసింది. బీన్స్ ఉడికించే షిఫ్టు వాళ్లు చేశారు, మూతలు బిగించే షిఫ్టు వాళ్లు చేశారు, లారీలకెక్కించే వాళ్లు చేశారు. ఉడికించే విభాగం మేనేజరు కళ్లనీళ్లు పెట్టుకుని మరీ చేశాడు. తన చేతులతో ఉడికిస్తూ కూడా ఇదంతా బామ్మే వండుతోందని నమ్మగలిగాడంటే, ఆయన భక్తిని మెచ్చుకోవాలి.

జడ్జి మార్జరీ ఓక్స్ గారు ఇంకో షరతు పెట్టారు. ఏడాదిలోగా డబ్బా మీది ప్రతి మాటా నిజం చెయ్యాలి, లేదా వెల్డా బొమ్మ తీసెయ్యాలి.

వెల్డా అది విన్న వెంటనే లేచింది. తిన్నగా కంపెనీ ప్రెసిడెంటు హార్లన్ విట్‌మర్ గారి గదిలోకి వెళ్లింది.

"అయ్యా, నన్ను దింపేస్తారా? జీతం తగ్గించినా ఫర్వాలేదు. డబ్బా మీద ఉంచండి చాలు. పిల్లలు పిలవడం మానేస్తారు."

విట్‌మర్ గారు ఉప్పొంగిపోయారు. సాయంత్రం కార్మికులందరినీ పోగుచేసి ప్రసంగించారు. "మిత్రులారా! ఈ కంపెనీ పునాది నిజాయితీ. అది ఇంతకాలం పునాదిలోనే ఉండిపోయింది. ఇప్పుడు దాన్ని పైకి తీసే అవకాశం కోర్టువారు ఇచ్చారు. మనం డబ్బా మీద ఒక్క అక్షరం మార్చం. అవసరమైతే ప్రపంచాన్ని మారుస్తాం!" చప్పట్లు మోగాయి. వెల్డా ముక్కు తుడుచుకుంది.

మార్చడం మొదలయింది. ముందు వంటిల్లు. ఫ్యాక్టరీ మధ్యలో ఒక గ్యాస్ పొయ్యి, కిటికీ తెర, గోడ మీద కోడిపుంజు బొమ్మ పెట్టి, డబ్బాలు సాగిపోయే బెల్టును వాటి మధ్యలోంచి పోనిచ్చారు. ప్రతి డబ్బా ఒక్క క్షణమైనా బామ్మ వంటింట్లో ఉంటుంది. కిటికీ ఉందా అని కోర్టు తనిఖీదారు అడిగితే తెర చూపించారు. తెర వెనక గోడే ఉంది గానీ, తెర తీసి చూడాలని నిబంధనల్లో లేదు.

తర్వాత చేతులు. వెల్డాను స్టూలు మీద కూర్చోబెట్టి ప్రతి డబ్బానూ తాకమన్నారు. మధ్యాహ్నానికి భుజం పట్టేసింది. అప్పుడు లాయర్లు మేధోమథనం చేసి, ఉదయం బెల్టు స్విచ్ ఆవిడ వేస్తే చాలు, ఆ రోజు తయారైనదంతా చేతివంటే అని అభిప్రాయం రాసిచ్చారు. అప్పటినుంచి వెల్డా పొద్దున్నే వచ్చి స్విచ్ వేసి, ఆ రోజు వంట ముగించుకుని లెక్కల గదికి పోయేది.

ప్రేమ కొంచెం కష్టమయింది. దానికి విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రొఫెసరు గారు వచ్చి, వెల్డా వేలికి క్లిప్పు తగిలించి, ఎదురుగా బీన్స్ పెట్టి నాడి కొలిచారు. యంత్రం ముల్లు కదల్లేదు. బీన్స్ తీసేసి ఊరేగింపు ఫోటో పెట్టారు, పిల్లలున్నది. ముల్లు గిర్రున తిరిగింది. 'ఈ ప్రాంగణంలో ప్రేమ తగు మోతాదులో ఉన్నది' అని ధ్రువపత్రం ఇచ్చారు. దేని మీద ప్రేమో డబ్బా మీద ఎలాగూ లేదు.

ఇక మిగిలింది ఒక్క మాట. బామ్మ.

అది స్విచ్‌తో అయ్యే పని కాదు. మనవడో మనవరాలో ఉండి తీరాలి. ఊరి చూపంతా డ్వేన్ మీద పడింది. చర్చిలో పాస్టరు గారు వివాహ వైభవం మీద వరసపెట్టి ప్రసంగాలు చేశారు. ఫ్యాక్టరీ యూనియన్ వారు 'డ్వేన్, కార్మికుల కోసం ఒక్క అడుగు ముందుకెయ్యి' అని బ్యానరు కట్టారు. గ్లెండా, అదే దావా వేసిన గ్లెండా, తన పార్లర్‌కి వచ్చే పెళ్లికాని ఆడవాళ్లందరినీ బౌలింగ్‌కి పంపింది. డ్వేన్ తల్లి దగ్గర మొత్తుకున్నాడు.

"అమ్మా, బీన్స్ కోసం పిల్లల్ని కనమంటారేంటే నన్ను! నాకు నా కుక్కుంది చాలు."

"చాలురా నాయనా, నేనేమైనా అన్నానా? దాన్ని చూస్తేనే నా కడుపు నిండిపోద్ది. నా మనవడు కాదూ అది!"

సంతకాల కోసం వచ్చి పక్కనే కూర్చున్న కంపెనీ లాయరు ఈ మాట విని కుర్చీలోంచి లేచాడు.

మా ఊళ్లో ఇది మామూలే. కొడుకులూ కూతుళ్లూ పెంచుకునే కుక్కల్ని పెద్దవాళ్లు మనవళ్లంటారు. పుట్టినరోజు చేస్తారు, క్రిస్మస్‌కి కానుకలు నింపిన మేజోడు కడతారు, కారు వెనక 'నా మనవడికి నాలుగు కాళ్లు' అని స్టిక్కరు అంటిస్తారు. వెల్డా కారు మీదా ఉంది. ఇదే వాదన కోర్టులో పెట్టారు.

స్టెర్న్‌హోల్ట్ గారు అడ్డు తగిలారు. "జడ్జిగారూ! ఆ కుక్క డ్వేన్‌కి పుట్టింది కాదు!"

"పెంపుడు బిడ్డకీ కన్నబిడ్డకీ తేడా చూపించడం ఈ రాష్ట్రంలో నేరం, తెలుసా మీకు?" అన్నాడు కంపెనీ లాయరు.

జడ్జి ఓక్స్ గారు తన బల్ల వైపు ఓసారి చూసుకున్నారు. ఆవిడ బల్ల మీద ఫ్రేము కట్టిన ఫోటోలో చెవులు వేలాడే మనవరాలొకతె ఉంది. "కుక్కను మనవడు కాదనడానికి ఈ న్యాయస్థానానికి మనసొప్పడం లేదు" అంటూ తీర్పిచ్చారు. అయితే ప్రజలు మళ్లీ పొరబడకూడదు కనుక, డబ్బా మీద బామ్మ పక్కనే కుక్క ఫోటో వెయ్యాలి. కింద 'కుక్క తరఫు బామ్మ' అని స్పష్టంగా అచ్చు వెయ్యాలి.

వెల్డా కోర్టు మెట్ల మీదే డ్వేన్‌ని కావలించుకుని ఏడ్చింది. తర్వాత కుక్కను కావలించుకుని ఇంకా ఎక్కువ ఏడ్చింది. ఊళ్లో స్వీట్లు పంచారు.

కొత్త డబ్బాలు దేశమంతా బయలుదేరాయి. అలా అమెరికా చరిత్రలోనే అత్యంత నిజాయితీ గల డబ్బా అంగళ్లకు చేరింది. కుక్క ఫోటో చూసి అంగళ్ల వాళ్లు దాన్ని కుక్కల తిండి వరసలో సర్దారు. మనుషులు కొనడం మానేశారు. కొన్నవాళ్లు కుక్కలకు పెట్టారు. కుక్కలు లొట్టలేసుకుని తిన్నాయి. వారం తిరక్కుండా టీవీలో స్టెర్న్‌హోల్ట్ గారు కనిపించారు: "మీ కుక్క మోసపోయిందా? అది చెప్పుకోలేకపోతోందా?"

విట్‌మర్ గారు తలపట్టుకున్నారు. అప్పుడు ఒక కుర్ర సలహాదారు పరిష్కారం చెప్పాడు. అసలు మనిషి ఉండటమే తప్పు. ఉన్న మనిషి వండలేదని రుజువు చెయ్యొచ్చు. లేని మనిషి వండలేదని ఎవరు రుజువు చేస్తారు? కంప్యూటరు చేత ఒక బామ్మ బొమ్మ గీయించారు. వెల్డా కంటే బుగ్గలు ఎక్కువ, ముడతలు తక్కువ. మూలన చీమంత అక్షరాలతో 'చిత్రం కల్పితం' అని వేశారు. అందులో అబద్ధం ఒక్కటీ లేదని జడ్జిగారు ఎంతో సంతోషంతో కేసు మూసేశారు. అమ్మకాలు లేచి కూర్చున్నాయి.

ఆ ఏడు జూలై నాలుగున ట్రాక్టర్ బండి మీద గాలి నింపిన పెద్ద బామ్మ బొమ్మ ఊరేగింది. పిల్లలు "బామ్మా, ఇటు!" అంటూ దాని వెంట పరిగెత్తారు. వెల్డా రోడ్డు పక్కన మడతకుర్చీలో కూర్చుని చూసింది. ఒక పాప ఆగి, ఆవిడను ఎగాదిగా చూసి, "నువ్వు కొంచెం బామ్మలాగే ఉన్నావు" అని మెచ్చుకుని, బొమ్మ వెంట పరుగెత్తింది.

ఆ మాట వెల్డాకు పట్టుదల తెచ్చిపెట్టింది. ఇంటికెళ్లి పొయ్యి మీది పత్రికలు తీసేసింది. గింజలు నానబెట్టింది, బెల్లప్పాకం కలిపింది, వేళ్లు కాల్చుకుంది, రెండుసార్లు మాడ్చి పారబోసింది, చివరికి బ్రహ్మాండంగా వండింది. నిజంగా తన వంటింట్లో, తన చేతులతో. ఆదివారం చర్చి హాల్లో విందు. మా ఊళ్లో ఎవరి గిన్నె వాళ్లు తెచ్చి వరసగా బల్ల మీద పెట్టుకుంటారు. వెల్డా తన గిన్నె పెట్టింది. దాని పక్కనే గ్లెండా కూపన్‌తో కొన్న కొత్త డబ్బా బీన్స్ వేడిచేసి పెట్టింది.

జనం వెల్డా గిన్నెలోంచి ఒక్కో చెంచా రుచి చూశారు. మర్యాదగా తలలు ఊపారు. తర్వాత పక్క గిన్నె దగ్గర క్యూ కట్టారు.

గ్లెండా స్నేహం కొద్దీ నిజం చెప్పింది. "ఏమనుకోకే వెల్డా. నీది బాగానే ఉంది గానీ, బామ్మ చేసినట్టు లేదు."

వెల్డా చురుగ్గా చూసింది. ఒక చెంచా తనది తింది. ఒక చెంచా డబ్బాది తింది. కాసేపు నోట్లోనే ఉంచుకుంది. ఆపైన తన గిన్నె మీద మూత పెట్టేసి, ప్లేటు తీసుకుని క్యూ చివర వెళ్లి నిలబడింది.

"నిజమేనే" అంది. "అసలు రుచి అదే."

కథ ఇంతే. నచ్చితే మీ వాళ్లకి, మీ గ్రూపుల్లో అందరికీ పంపండి. పంపేటప్పుడు పైన 'కల్పితం' అని మాత్రం పెట్టకండి, ఎవరూ తెరవరు. 'మా పక్కింట్లోనే జరిగింది' అని రాయండి. చదివినవాళ్లు ఎలాగూ మిమ్మల్ని అడగరు, రాసి ఉంది కదా.