పదకొండు జ్వరాలు, ఏడు తుమ్ములు

ఆ రోజు సబ్‌ఎడిటర్‌కి వారాంతపు సెలవు. పొద్దున్నే ఫ్యాను దుమ్ము దులిపి, స్నానం చేసి, పదింటికల్లా భార్యతో కలిసి మరదలి పాపను చూసి రావాలనుకున్నాడు. పాప పుట్టి అప్పటికే పన్నెండు రోజులైంది. ఇవాళ కూడా వెళ్ళకపోతే తన చెల్లెలు జన్మలో మాట్లాడదని భార్య ముందే హెచ్చరించింది.

స్టూలెక్కి ఫ్యాను రెక్క మీద గుడ్డ వేశాడో లేదో, నెలల నాటి దుమ్ము నేరుగా ముక్కులోకి దిగింది. వరసగా ఏడు తుమ్ములు తుమ్మాడు.

చేతిలో పేపరుతో గదిలోకి రాబోతున్న భార్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమండీ, కిందికి దిగకండి. అక్కడే ఉండండి."

"ఎందుకే?"

"తుమ్ములే మొదటి లక్షణమట. పేపర్లో వేశారు."

ఆ వార్త తయారు చేసింది ఆయనే.

నిన్న సాయంత్రం విలేకరి పంపినవి నాలుగే వాక్యాలు. ఒక వీధిలో పదకొండు మందికి జ్వరం, వాంతులు. పైపు పగిలి మంచినీళ్ళలో మురుగు కలిసింది. అందరూ కోలుకుంటున్నారు. అక్కడివాళ్ళు నీళ్ళు కాచి తాగాలి. 'పదకొండు మందికి జ్వరం' అని ఆయన శీర్షిక పెడితే డెస్క్ ఇన్‌ఛార్జి పెదవి విరిచాడు. "జ్వరం ఇంటింటా ఉండేదేనయ్యా. కాస్త ఊపు తగిలించు" అన్నాడు. ఊపు తగిలి అది 'నగరంపై విషజ్వరాల దండయాత్ర' అయింది. అంతంత అక్షరాలకు చోటు చాలక చివరి వాక్యాన్ని కోసేశారు. తీరా చూస్తే పక్క కాలమ్‌లో రెండంగుళాల ఖాళీ తేలింది. కోసిన వాక్యం అప్పటికి ఎవరికీ గుర్తులేదు. ఆయనే 'లక్షణాలివీ' అని ఒక బాక్సు కట్టి, తుమ్ములు, నీరసం, చిరాకు అంటూ నోటికొచ్చినవి పేర్చాడు.

"అవి నేను ఊరికే వేసినవే! ఖాళీ నింపడానికి!"

"పేపరు వాళ్ళు ఊరికే వేస్తారా?" అంది భార్య. "అయినా మీ మొహం చూసుకోండి, నీరసం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంటే!"

"నాకే నీరసమూ లేదు!" అని అరిచాడు.

"చిరాకు కూడా వచ్చేసింది" అంటూ అత్తగారు వచ్చి, "ఏమీ అనుకోకండి అల్లుడుగారూ" అని తలుపు లాగి బయట గడియ పెట్టింది.

విషయం ఫోనులో మరదలికి చేరింది. "అక్కా, పాప నడిచేదాకా మీరు రావొద్దు" అందావిడ. మరదలి నుంచి ఆమె అత్తకు, అత్త నుంచి ఇరుగుపొరుగుకు పాకింది. గంటలో వీధిలో కిటికీలన్నీ మూసుకున్నాయి. పాలవాడు ప్యాకెట్లు గేటవతలి నుంచే విసిరి పోయాడు. పదకొండింటికి ఇన్‌ఛార్జి ఫోను చేశాడు. గొంతులో ఆనందం దాగడం లేదు.

"మనవాడికే వచ్చిందటగా! దుప్పటి కప్పుకుని ఒక ఫోటో పంపు."

"నాకేం రాలేదు సార్, ఫ్యాను దుమ్ము."

"దుమ్ము వల్ల కూడా వస్తుందా? భేష్, అది రేపటికి."

వీధివాళ్ళు ఫిర్యాదు చేయడంతో మధ్యాహ్నం ఆరోగ్యశాఖ డాక్టరమ్మ వచ్చింది. గడియ తీయించి, ఆయన నాడి, నాలుక చూసి నిట్టూర్చింది.

"మీరు నిక్షేపంగా ఉన్నారు. పొద్దుట్నుంచి రెండొందల మంది తుమ్ములు చూశాను. అక్కడ ఆ పైపు వీధిలో ఇంకో నలుగురు జబ్బుపడ్డారు. పేపరంతా చదివారట. నీళ్ళు కాచుకోమని అందులో ఒక్క ముక్క లేదు. ఆ బాక్సు కట్టిన మహానుభావుడెవరో నాకు దొరికితే..."

ఆయన తల దించుకున్నాడు. ఆ నలుగురి మాట సూటిగా గుండెలో గుచ్చుకుంది.

"నేనేనండీ."

డాక్టరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "అయితే మీ చిరాకు నాకు అంటుకుంది. వెళ్ళి ఆ ఒక్క ముక్కా వేయండి."

ఆయన చొక్కా తగిలించుకుని ఆఫీసుకి పరిగెత్తాడు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఇన్‌ఛార్జి ఎదుట గొంతు పెంచాడు. "రేపు ఇది వేయకపోతే, బాక్సు సంగతంతా నా పేరు పెట్టి అవతలి పత్రికకి ఇచ్చేస్తాను" అన్నాడు. ఇన్‌ఛార్జి మంచినీళ్ళ గ్లాసు అందుకోబోయి, ఎందుకో ఆగి, "సరే, తగలెయ్" అన్నాడు.

మర్నాడు మొదటి పేజీలో 'నీళ్ళు కాచి తాగండి' అని అరచేతంత అక్షరాలతో అచ్చయింది. కింద పైపు పగిలిన వీధి వివరాలు, డాక్టరమ్మ ఫోను నంబరు, తుమ్ములకు భయపడనక్కర్లేదన్న సవరణ. ఆయన ఆ పేపరును భార్య చేతికి తనే స్వయంగా అందించి, పక్కనే నిలబడ్డాడు.

ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి బల్ల మీద పడేసింది.

"ఇవాళ పేపర్లో ఏమీ లేదండీ."