మా చేపల తొట్టికి మూత వద్దు

ఉప్పునీటి చేపల తొట్టికి మూత పెట్టేవాళ్లు కుటుంబ వ్యవస్థకు శత్రువులు. ఈ మాట నేను ఆవేశంలో అనడం లేదు. పొద్దున రాగి జావ తాగి, బీపీ మాత్ర వేసుకుని, నిదానంగా కూర్చుని రాస్తున్నాను.

నవ్వకండి. మీ ఇంట్లో అలాంటి తొట్టి లేదు కాబట్టి మీకు నవ్వొస్తుంది. మత్తిగిరిలో మా ఇంటి హాల్లో ఉంది. నాలుగడుగుల పొడవు, పైన నీలం లైటు, లోపల సముద్రం. మాకు సముద్రం ఎంత దూరమో మీరే మ్యాపులో చూసుకోండి! తళి మెట్ట మీద తరతరాలుగా రాగులు, టమోటాలు పండించుకున్న వంశం మాది. ఆ వంశంలో పుట్టి ఫ్యాక్టరీలో ఇంజనీరైన మా అబ్బాయి రక్షిత్, ఒకరోజు మూటెడు ఉప్పు తెచ్చి, బకెట్లలో కలిపి సముద్రాన్ని తయారు చేశాడు.

అందులో ఐదు చేపలు వేశాడు. వాటిలో ఒకటి వేలెడంత ఉంటుంది. ముందు సగం తెలుపు, వెనక సగం ఎరుపు. ఫైర్‌ఫిష్ అంటారట. దానికో గుణం ఉంది. బెదిరితే దూకుతుంది. తలుపు దబ్బున పడినా దూకుతుంది, లైటు ఉన్నట్టుండి ఆరిపోయినా దూకుతుంది, పక్క చేప ఎగాదిగా చూసినా దూకుతుంది. దూకి టీవీ స్టాండు కింద పడుతుంది.

మొదటిసారి దూకిన రోజు ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. మా ఆవిడ మంజులమ్మ సంతకు వెళ్లింది. మా కోడలు వినుత ఉద్యోగం ఇంటర్వ్యూ అని తళికి వెళ్లింది. చేప నేల మీద కొట్టుకుంటోంది. నీళ్లంటే నీళ్లే కదా అని బోరు నీళ్ల బకెట్లో వేశాను. హాయిగా ఉంటుందని ఇంకో రెండు చెంబులు కూడా పోశాను. సాయంత్రం రక్షిత్ వచ్చి బకెట్లోకి చూసి తల పట్టుకున్నాడు. ఉప్పునీటి చేపను మంచినీళ్లలో ఉంచితే చచ్చిపోతుందట. బావిలో పడ్డ దూడను పైకి లాగి బతికించిన చేతులివి. మంచినీళ్లు పోసి ప్రాణం తీస్తాయని నేనెలా అనుకుంటాను?

రెండో ఫైర్‌ఫిష్ వచ్చింది. దానితో పాటు ఒక నియమం కూడా వచ్చింది. ఇంట్లో ఎప్పుడూ తెలిసిన మనిషి ఒకరు ఉండాలి. ఎవరుంటారు? రక్షిత్‌కు డ్యూటీ. మంజులమ్మకు మోకాళ్ల నొప్పులు, వంగలేదు. నేను హంతకుణ్ణి. మిగిలింది వినుత.

వినుత గురించి నాలుగు మాటలు చెప్పాలి. పెళ్లికి ముందు తళి దగ్గర ఒక పూల గ్రీన్‌హౌస్‌లో రెండేళ్లు పనిచేసింది. గులాబీలకు ఏ పూట ఎంత నీరు పెట్టాలో, ఎంత ఎండ తగలాలో ఆమెకు చూడగానే తెలిసిపోతుందని అక్కడివాళ్లే చెబుతారు. పెళ్లయ్యాక మానేసింది. మానేసింది అని మేమంటాం, మాన్పించినారు అని ఆమె అంటుంది. ఇప్పుడు వాళ్లే పిలిచి ఇంటర్వ్యూ చేసి సూపర్‌వైజర్ పోస్టు ఇచ్చారు. ఒకటో తేదీకల్లా చేరకపోతే వేరేవాళ్లను తీసుకుంటామన్నారు. ఆ ఆర్డరును ఫోన్లో మా అందరికీ చూపించింది.

మేం వద్దన్నామా? ఛఛ, మాది అలాంటి ఇల్లు కాదు. “పోమ్మా, నీ ఇష్టం” అన్నాను నేను.

“పోవచ్చు. కానీ చేప?” అన్నాడు రక్షిత్.

చూశారా మూత లేని తొట్టి గొప్పతనం! కోడలు ఉద్యోగానికి పోకూడదని అత్త అంటే ఇల్లు టీవీ సీరియల్ అయిపోతుంది. మామ అంటే పాతకాలం మనిషంటారు. మొగుడు అంటే రేపు క్యాంటీన్లో వాడి పక్కన ఎవరూ కూర్చోరు. అదే చేప అంటే? చేపను ఎవరేం అనగలరు? ఇంత సున్నితంగా, ఇంత రంగురంగులుగా వద్దు అని చెప్పగలిగే ప్రాణి ఇంకొకటి ఉందా?

“అయితే మూత పెడదాం” అంది వినుత.

అక్కణ్ణుంచి మా వాడి పరిశోధన మొదలైంది. గాజు మూత పెడితే నీళ్లు వేడెక్కుతాయన్నాడు. ప్లాస్టిక్ షీటు పెడితే గాలి ఆడదన్నాడు. ఇనుప జాలీ ఉప్పుకు తుప్పు పడుతుందన్నాడు. వల వేస్తే అందం పోతుందన్నాడు. మూడు వారాలు వీడియోలు చూశాడు. ఫ్యాక్టరీలో మెషీన్లకు మూతలు బిగించేది వాడి సెక్షనే. అక్కడ ఎంత పెద్ద మెషీనైనా ఒక పూటలో బిగించేస్తాడు. నాలుగడుగుల తొట్టి దగ్గరికి వచ్చేసరికి సైన్సు అడ్డం వచ్చింది.

ఈలోగా జవళగిరి నుంచి గుర్రప్ప రాగులు తెచ్చాడు. ఏనుగులు చేలల్లో పడకుండా సోలార్ కంచెలు వేసే మనిషి. అనుభవజ్ఞుడు కదా అని సలహా అడిగాను. తొట్టి చుట్టూ నిదానంగా తిరిగి చూశాడు.

“మా ఆడ ఏనుగునే ఆపుతా ఉండాము. ఈడ ఇంత చేపకు ఇంత యోచనా అన్నా? పైన ఒక వల కట్టేస్తే అయిపాయ.”

“అందం పోతుందంటాడప్పా మావాడు” అన్నాను.

తొట్టిలో నీళ్లు మార్చడానికి మూల కూర్చుని బకెట్లో ఉప్పు కలుపుతున్న వినుతను చూశాడు గుర్రప్ప. “ఆ పాప ఎన్ని దినాలుగా కాపలా కాస్తా ఉండాది?”

“మూడు వారాలు.”

“మేము ఏనుగులకు కాపలా కాసినా, పూటపూటకూ మనిషిని మారుస్తామన్నా.”

చేల మధ్య తిరిగే మనిషికి ఇలాంటి ఆధునిక సమస్యలు ఎక్కడ అర్థమవుతాయి? టీ ఇచ్చి పంపించాం. టీ వినుతే పెట్టింది.

అసలు చేపకు కాపలా ఉండటం వల్ల ఇంటికి ఎంత మేలు జరిగిందో మీకు తెలియదు. పదకొండింటికి నాకు కాఫీ వచ్చేది. కొరియర్ వస్తే తీసుకునే మనిషి ఉండేది. గ్యాస్ సిలిండర్ వస్తే తలుపు తీసే మనిషి ఉండేది. మంజులమ్మ మోకాళ్లకు నూనె, నా కళ్లద్దాల వెతుకులాట, రక్షిత్ చొక్కాల ఇస్త్రీ, ఇవన్నీ చేపల సంరక్షణలో భాగమే. పెళ్లిళ్లలో కుక్కర్లు, గడియారాలు ఎందుకిస్తారో నాకర్థం కాదు. ప్రతి పెళ్లికొడుక్కీ మూత లేని తొట్టి ఒకటి ఇవ్వాలని చట్టం చేయాలి!

ఒకటో తేదీ ఇంకా రెండు రోజులుందనగా చేప మళ్లీ దూకింది. వినుత చెయ్యి తడుపుకుని, దాన్ని మెల్లగా తీసి, తొట్టి నీళ్లు ముంచిన గ్లాసులో వేసి, తిరిగి లోపల వదిలింది. అంతా అర నిమిషం. తర్వాత చెప్పులేసుకుని తళి బస్సెక్కింది. మధ్యాహ్నానికి చంకలో ఒక వల చుట్టతో వచ్చింది. వంటింటి కిటికీకి ఉన్న దోమతెర ఫ్రేము ఊడదీసింది. తెర తీసేసి, వలను బిగించి కట్టి, తొట్టి మీద పెట్టింది. కొలిచి చేసినట్టు సరిపోయింది.

“ఇది యాడిదే వినుతా?” అంది మంజులమ్మ.

“గ్రీన్‌హౌస్‌ది అత్తా. పురుగు రాకుండా కట్టే వలకు కన్ను సన్నం, వెలుతురు తగ్గిపోతాది. అందుకే పెద్ద కన్నుది అడిగి తెచ్చినాను. గాలి ఆడతాది, వెలుతురు దిగుతాది, చేప పోదు.”

“చూసేదానికి బాగలేదే” అని గొణిగాడు రక్షిత్.

“చేపను చూడు. వలను ఎందుకు చూస్తావు?”

వాడు నా వైపు చూశాడు. నేను మంజులమ్మ వైపు చూశాను. ఆమె నావైపు చూడనే లేదు.

“ఒకటో తేదీ పొద్దున బస్సు ఎన్నింటికమ్మా? సద్ది కట్టిస్తాను” అంది వినుతతో.

వినుత ఒకటో తేదీన చేరింది. ఇప్పటికి రెండు వారాలు. చేప ఇప్పటికీ దూకుతోంది. దూకి, వలకు తగిలి, మళ్లీ నీళ్లలోనే పడుతోంది. ఒక్క పొలుసు కూడా ఊడలేదు. వంటింటి కిటికీకి తెర లేదు కాబట్టి దోమలన్నీ నా దగ్గరికే వస్తున్నాయి. పదకొండింటికి కాఫీ రావడం లేదు. నిన్న నేనే పెట్టుకున్నాను, అందులో ఉప్పు పడింది.

సిగ్గు విడిచి చెబుతున్నాను. ఆ చేప దూకుతుందని మా ఇంట్లో ఎవరికీ అంత భయం లేదు. అది దూకడం మానేస్తుందేమోననే మా భయం. ఒక్క గంటలో అయ్యే మూతకు మూడు వారాలు ఎందుకు పట్టిందో ఆ పిల్లకు మొదటి రోజే తెలుసు. అయినా మా మర్యాద కాపాడడానికి మూడు వారాలు ఉప్పు కలిపింది.

కాబట్టి పాఠకులకు నా విన్నపం. మూత పెట్టడానికి వీల్లేని పెంపుడు జంతువు ఏదైనా మీకు తెలిస్తే వెంటనే చెప్పండి. ఆలస్యం చేయకండి. గ్రీన్‌హౌస్‌లో పూలు కట్టలు కట్టే పని కూర్చుని చేసేదే కదా అని, దానికి మోకాళ్లతో పని లేదు కదా అని, నిన్నటి నుంచి మంజులమ్మ వినుతను అడుగుతోంది.