సముద్రం వైపు వాటా

సముద్రం ఒడ్డున ఊరు ఉండడం అదృష్టం. ఆ ఊరికి శుక్రవారం వచ్చి ఆదివారం వెళ్ళిపోయే జనం ఉండడం మహాభాగ్యం! వాళ్ళే లేకపోతే ఇటలీలోని మా కాలా సెరేనా ఊళ్ళో కిటికీలకు నీలం రంగు వేయించేదెవరు? చేపలు పట్టుకునే నున్సియో చేత తువ్వాళ్ళు హంస ఆకారంలో మడత పెట్టించేదెవరు?

నమ్మకపోతే అతని భార్య కలోజెరా సంగతి వినండి.

అరవై ఎనిమిదేళ్ళ మనిషి. చేపల డబ్బాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేసింది, నున్సియోను అంతకంటే ఎక్కువ కాలమే భరించింది. మేడ మీద సముద్రం వైపు రెండు గదుల వాటాలో డాక్టరమ్మ లివియా అద్దెకుండేది. ఊరికంతటికీ ఒక్కతే డాక్టరు. పొద్దున్నే కిందకి దిగుతూ నున్సియో చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూసి, నిన్న రాత్రి అతను తిన్న ఉప్పు చేపలకి చీవాట్లు పెట్టి, ఆసుపత్రికి వెళ్ళేది.

ఏప్రిల్ చివర్లో పడవ ఇంజను చచ్చి ఊరుకుంది. అదే వారం మిలాన్ నుంచి ఒర్నెల్లా అనే ఆవిడ కబురు పంపింది. ముగ్గురు స్నేహితులతో జూన్‌లో ఆ సముద్రం వైపు వాటాలో ఒక వారాంతం గడపాలట. ఆవిడ ఇస్తానన్నది డాక్టరమ్మ నెల అద్దెని మించిపోయింది. వేసవి నిండా ఇలాంటి వాళ్ళే వస్తే కొత్త ఇంజనేమిటి, కొత్త పడవే కొనొచ్చు!

కలోజెరా మేడెక్కింది.

"అమ్మాయ్, ఈ ఒక్క వేసవీ..."

"ఖాళీ చెయ్యమంటావా పిన్నీ?"

"ఖాళీ అని ఎవరన్నారే? సెప్టెంబరు దాకా కాస్త పక్కకి జరగమంటున్నా."

"పక్కకి ఎక్కడికి? వీధిలో ఏ తలుపు చూసినా వారాంతం వాళ్ళ కోసం పెట్టిన అంకెల తాళమే కదా!"

కలోజెరా కిటికీలోంచి సముద్రం చూస్తూ నిలబడింది. లివియా రెండు పెట్టెలు, ఒక తులసి కుండీ చిన్న కారులో పెట్టుకుని వెళ్ళిపోయింది. కలోజెరా వేసవి వాళ్ళ కోసం వాటాకి ప్రకటన వేయించింది. ఆసుపత్రి తలుపుకి 'తదుపరి ప్రకటన వరకు మూసివేయడమైనది' అని కాగితం అంటించారు. పోతేపోనీ! వీధి చివర వారాంతం వాళ్ళకి పాలరాతి ముక్కలు అమ్మే కొత్త దుకాణం తెరిచారుగా.

ఇక ఐదు వారాల పాటు ఒర్నెల్లా పథకం వేసింది. రెండు రోజుల విశ్రాంతికి ఐదు వారాల పథకం! యుద్ధానికి వెళ్ళే సేనాపతులు వీళ్ళ దగ్గర పాఠాలు నేర్చుకోవాలి.

"కిటికీలోంచి సముద్రం ఎంత కనిపిస్తుంది?"

"ఉన్నదంతా," అని రాసింది కలోజెరా.

"ఆదివారం చర్చి గంట పదింటి దాకా ఆపించగలరా?"

"ఫాదరుని అడుగుతాను. ఆయన పైవాడిని అడగాలి."

"అలల చప్పుడు రాత్రంతా ఉంటుందా?"

నున్సియో ఫోన్ లాక్కోబోయాడు. "పన్నెండింటికి కట్టేస్తామని రాయవే!"

తర్వాత పట్టిక వచ్చింది. శనివారం నాలుగూ పది నుంచి నాలుగూ యాభై దాకా: పథకం లేకుండా నడవడం. ఐదింటి నుంచి ఇరవై నిమిషాలు: ఊరివాళ్ళతో ఆప్యాయంగా మాట్లాడడం.

"అయిదింటికి నేను ఇంట్లోనే ఉండాలా?" అన్నాడు నున్సియో.

"ఉండు. ఆ చొక్కా మాత్రం మార్చుకో."

వచ్చారు. శనివారం మధ్యాహ్నం, పట్టిక ప్రకారమే, ఒర్నెల్లా రాళ్ళ మీంచి నీళ్ళలోకి దిగింది. అక్కడ నల్లటి ముళ్ళబంతి లాంటి జీవులు రాళ్ళకి అంటుకుని ఉంటాయి. పాపం, వాటికి పట్టిక ఎవరూ పంపలేదు! స్నేహితులు ఆమెను మోసుకొచ్చి వంటింటి కుర్చీలో కూలేశారు. పాదం నిండా ముళ్ళు. మొహం పాలిపోయింది.

"డాక్టర్ని పిలవండి!"

"ఊళ్ళో డాక్టరు లేదమ్మా."

"ఇంత ఊరికి డాక్టరు లేకపోవడమేంటి సిన్యోరా? ఏం మనుషులు మీరు! ఉన్న డాక్టరు ఏమైనట్టు?"

"మొన్న మొన్నటిదాకా, రాత్రి నువ్వు పడుకున్న మంచం మీదే పడుకునేది."

ఒర్నెల్లా ముళ్ళ పాదాన్ని ముందుకు చాచింది. కలోజెరా పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఆలివ్ నూనె రాసి, పట్టకారుతో ఒక్కో ముల్లూ లాగింది. రెండు గంటలు పట్టింది. నాలుగూ పది దాటిపోయింది. పథకం లేని నడక ఆ రోజు రద్దు.

నున్సియో భూతద్దం పట్టుకుని నిలబడ్డాడు. "ముల్లు కాబట్టి నీ చేత్తో పోయింది. అదే నా గుండైతే ఏం చేసేదానివే?"

కలోజెరా పట్టకారు బల్ల మీద పెట్టి, మేడ మెట్ల వైపు చూసింది.

ఆదివారం వాళ్ళు వెళ్ళారు. పోతూ పోతూ అభిప్రాయం రాశారు: 'సముద్రం బాగుంది. వైద్య సౌకర్యం శూన్యం. ఐదు చుక్కల్లో ఒకటి తగ్గిస్తున్నాం.'

కలోజెరా ప్రకటన తీసేయించింది. ఇంకా రావలసిన వేసవి వాళ్ళందరికీ రావద్దని రాసింది. పడవ ఒడ్డునే ఉండిపోయింది. తర్వాత లివియాకి ఫోన్ చేసింది.

"అమ్మాయ్, వాటా ఖాళీగా ఉంది. దుప్పట్లు కూడా ఉతికాను. వచ్చెయ్."

"రాలేను పిన్నీ. కొండ మీది ఊళ్ళో చేరాను. మంచి ఇల్లు."

"సముద్రం కనిపిస్తుందా?"

"అస్సలు కనిపించదు. అందుకే పిన్నీ, నన్నిక్కడ ఎవరూ పక్కకి జరగమనరు."

కాబట్టి పాఠకులారా, సముద్రం కనిపించకపోవడం ఎంత గొప్ప సౌకర్యమో చూశారా! ఆ కొండ మీది ఊరి పేరు మాత్రం నన్నడక్కండి. వారాంతం వాళ్ళ చెవిన పడుతుంది.