అడిగి మరీ పనిచేసే కంప్యూటర్

నిజామాబాద్ జిల్లాలోని పఠన మందిరాలన్నిటినీ ఒకే ఒక్క మీటతో కంప్యూటరీకరించి ప్రపంచానికి దారి చూపబోతున్నామని పఠన మందిరాల ప్రగతి మండలి అధ్యక్షులు కాశయ్యగారు బోధన్‌లో పత్రికలవాళ్లను పిలిచి ప్రకటించారు. ఆ మీట ఎక్కడుందని ఒక విలేకరి అడిగితే "అది ప్రభుత్వ రహస్యం" అన్నారు. ఆయనకూ తెలియదు. తెలియని సంగతిని అంత గంభీరంగా చెప్పడం అందరి వల్లా అయ్యే పని కాదు.

తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. మండలిలో తాత్కాలిక ఆపరేటరు రూతు. ఆమె తల్లి శ్యామలమ్మ ఏడో తరగతి దాకా చదివింది, చర్చిలో పాటల పుస్తకం తడుముకోకుండా చదువుతుంది. కుక్కర్ విజిల్ వేస్తే పేలిందనుకుంటుంది, వేయకపోతే పేలబోతోందనుకుంటుంది.

"ఏ పుస్తకం ఎవరికిచ్చినం, ఎవరు తిరిగి తేలే, అన్ని ఆ సాఫ్ట్‌వేరే చూస్కుంటదమ్మా," అని రూతు ఆ సాయంత్రం చెప్పింది. "ఎవరన్న ఊరికెనె తీస్కొని వాడుకోవచ్చు. లోపల ఎట్లున్నదో విప్పి గూడ చూడొచ్చు."

"ఊరికెనె ఎందుకిస్తరే? ఏదో రోగముంటది దానికి."

"ఏం లేదమ్మా. ఊరూరు తిరిగి పెట్టాలంటె నెలలు పడ్తదని నేనొక ప్రోగ్రాం రాసిన. ఈడ ఒక్క మీట నొక్కితె ఫోను తీగలల్లకెల్లి పోయి వర్నిల, చందూర్ల, సిరికొండల దానంతటదే కూసుంటది."

పప్పు కలుపుతున్న శ్యామలమ్మ గరిటె ఆగింది. "అన్ని అదే చేస్కుంటె నీకు జీతమెందుకిస్తరే బిడ్డా?"

ఈ మాట రూతుకు తట్టలేదు. శ్యామలమ్మ మాత్రం అప్పుడే కూర్చుని ఏడ్చేసింది.

మర్నాడు కాశయ్యగారి ముందు పరీక్ష జరిగింది. రూతు మీట నొక్కింది. ఆయన చాయ్ సాసర్లో పోసుకుని ఊదేలోపల చందూర్‌లో పని అయిపోయింది.

"చందూర్ల పెట్టుమని ఎవరు చెప్పిన్రు?" అన్నారు కాశయ్యగారు.

"మనం నొక్కినం గద సార్, మిగతది అదే..."

"అదే అంటె? నన్ను అడగకుండనా? నేనింక అధ్యక్షుణ్నేనా, దిగిపోయిన్నా?"

"దిగలే సార్," అన్నాడు అటెండరు లింబయ్య. "పొద్దుగాల గూడ నా సెలవు చీటి మీద సంతకం పెట్టిన్రు."

కాశయ్యగారు అప్పటికప్పుడు రెండు నిర్ణయాలు తీసుకున్నారు. అడగకుండా పనిచేసే యంత్రం క్రమశిక్షణ లేనిది కనుక పక్కన పెట్టాలి. యంత్రమే పనిచేస్తోంది కనుక ఒకటో తారీఖు నుంచి ఆపరేటరు రానక్కర్లేదు. ఒకే ఊపిరిలో ఈ రెండూ అనగలిగిన నాయకుడు మన జిల్లాలో ఉండడం మన అదృష్టం.

రూతు ఇంటికొచ్చి ఏడ్చింది. తన వంతు ముందురోజే ఏడ్చి పెట్టుకుంది కనుక శ్యామలమ్మకు ఆలోచించే తీరిక దొరికింది.

"పెండ్లిల పెద్దమనిషిని ఏమడుగుతరే?" అంది. "పందిరేసినంక, వంటలైనంక, పాస్టరుగారు అచ్చి నిలబడ్డంక గూడ, 'కానియ్యమంటరా' అని అడుగుతం. ఆయన జరసేపు పైకి చూసి 'కానియ్యుండ్రి' అంటడు. అడగకపోతె తినడు, ఇంకొకల్ని తిననియ్యడు. నీ కంప్యూటర్‌తోని గూడ అడిగియ్యి."

మర్నాడు తెర మీద అక్షరాలు మెరిశాయి: "అయ్యా, వర్నిలో కానియ్యమంటారా?"

కాశయ్యగారు చదివారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. "మా ఇంట్ల గూడ నన్ను ఎవ్వరు గిట్ల అడగలే," అన్నారు. మీట నొక్కారు. ఆ సంతోషంలో వేలు తీయడం మరిచారు. వర్నిలో కంప్యూటర్ పెట్టిందే పెట్టి, పెట్టిందే పెట్టి, సాయంత్రానికి సొమ్మసిల్లింది.

మర్నాడు రూతు ఒక చిన్న మార్పు చేసింది. ఏమిటో ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత ఆయన ఎంతసేపు నొక్కినా ఏ ఊళ్లోనూ ఇబ్బంది రాలేదు.

ప్రశ్నలు పెరిగాయి. "అయ్యా, లోపలికి రమ్మంటారా?" "పేర్లు తెలుగులోనే రాయమంటారా?" "జరసేపు ఆగమంటారా?" కాశయ్యగారు కుర్చీ వదలడం మానేశారు. మధ్యాహ్నం అన్నం లింబయ్య తెచ్చి తినిపించేవాడు, కుడిచేయి ఖాళీ లేదు. "పూర్తిగా ఆటోమేటిక్," అని విలేకరులకు చెప్పారు. "పొద్దటి నుంచి పొద్దూకేదాక నేనే నొక్కుతున్న. ఇంకొక చెయ్యి పడనిస్తలేను. సాఫ్ట్‌వేరు ఉచితం. ఉచితమంటేనే మా పార్టీ." ఆపరేటరు సంగతి అడిగితే, మంత్రిగారొచ్చినప్పుడు తేలుస్తామన్నారు.

సిరికొండ ఒక్కటీ మంత్రిగారి చేతికని మిగిల్చారు. ఆయన వచ్చే దారిలో చెరకు ట్రాక్టర్లన్నీ పక్కకాపారు. మెడలో పసుపు కొమ్ముల దండ వేశారు. ఏదైనా తేడా వచ్చి రూతును పోలీసులు పట్టుకుపోతే వెంట వెళ్లాలని శ్యామలమ్మ సబ్బు, దువ్వెన, రొట్టె సంచిలో పెట్టుకుని ముందు వరసలో, కంప్యూటర్ బల్లకు ఆనుకునే కూర్చుంది.

"మంత్రివర్యా, సిరికొండలో కానియ్యమంటారా?"

మంత్రిగారు వేలెత్తి, నొక్కకుండా, ఫొటోలవాళ్ల వైపు తిరిగి నవ్వారు. వేలు గాలిలో ఉండగానే తెర మీద వచ్చింది: "సిరికొండలో పూర్తయింది. తమ దయ."

శ్యామలమ్మ ఇక పోలీసులొస్తారని సంచి ఒళ్లోకి లాక్కుంది.

"చూశారా!" అన్నారు మంత్రిగారు. "నా మనసులో మాట కనిపెట్టింది!"

చప్పట్లకు హాలు పైకప్పు రేకులు అదిరాయి. ఆ అదురుకు ఒళ్లోని సంచి జారింది. తీసుకుందామని వంగిన శ్యామలమ్మకు బల్ల కింద కీబోర్డు తీగ కనిపించింది. దాని కొస దేనికీ తగిలి లేదు, నేల మీద చుట్ట చుట్టుకుని పడుంది. ప్రభువా అనుకుని దాని మీద కాలు పెట్టి, పైన చీర కుచ్చిళ్లు పరిచింది.

"ఈ అమ్మాయి ఉద్యోగం ఈ రోజు నుంచి పర్మనెంట్," అన్నారు మంత్రిగారు. మళ్లీ చప్పట్లు. "ఇంకో మాట కాశయ్యా. హైదరాబాద్‌ల మా ఆఫీసుల నేనేం నొక్కినా ఏది కదలదు. ఈ కీబోర్డు నాకు కావాలె."

కాశయ్యగారు తన శాలువా విప్పి, కీబోర్డును అందులో పెట్టి లేపారు. కొంచెం లేచి ఆగింది.

"కాలు తియ్యి అవ్వా," అన్నాడు లింబయ్య.

శ్యామలమ్మ ఇక అయిపోయిందనుకుని కళ్లు మూసుకుని కాలు తీసింది.

"ఎంత తేలిగ్గ అచ్చింది సార్!" అన్నారు కాశయ్యగారు. "మీ దగ్గరికి రావాలని దానికే ఉన్నది."

కీబోర్డు మంత్రిగారి కారులో, వెనక సీట్లో, ఆయన పక్కన కూర్చుని వెళ్లింది.

తల్లీకూతుళ్లు ఆటో కోసం నిలబడ్డారు. ఉద్యోగం ఖాయమైనందుకు రూతు మిఠాయి కొంది. శ్యామలమ్మ తినలేదు.

"బిడ్డా, ఆడ ఎవరన్న దాన్ని కంప్యూటర్‌కు తగిలిస్తెనో?"

"తగిలియ్యరు లేమ్మా," అంది రూతు. "ఆ ఆఫీసుల ఉన్నోళ్లకు గూడ నౌకరీలు కావాలె గద."