మీదుగా పోవలసిన రాయి

"బట్టల స్టాండు బట్టలకే గానీ మీ దుర్భిణికి కాదు."

"దుర్భిణి కాదే, దూరదర్శిని."

"ఏ దర్శిని అయితే నాకేంటి? ఈ తడి దుప్పటి ఎక్కడ ఆరేయను? మీ భుజాల మీదా?"

నాలుగో అంతస్తు బాల్కనీలో పొద్దున్న ఏడింటికి మొదలైన గొడవ ఇది. పాత సామాన్ల కొట్లో కొన్న టెలిస్కోపుకి కాళ్ళు లేవు. భర్తగారు దాన్ని బట్టల స్టాండుకి నైలాన్ తాడుతో బిగించేశారు. ఆ సాయంత్రం ఒక గ్రహశకలం భూమికి దగ్గరగా వచ్చి పోతుందట. మళ్ళీ ముప్పై ఏడేళ్ళ దాకా రాదట. అపార్ట్‌మెంటు వాళ్ళందరికీ దాన్ని చూపించాలని ఆయన నెల రోజులుగా ఉవ్విళ్ళూరుతున్నారు.

దానికో కారణముంది. ఆయన ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫ్‌రీడరు. అపార్ట్‌మెంటు గ్రూపులో ఎవరేం రాసినా పది నిమిషాల్లో దిద్ది పెట్టేవారు. మూడో అంతస్తాయన తన తండ్రి పోయారని రాస్తే, "'స్వర్గస్తులు' కాదు, 'స్వర్గస్థులు' అని ఉండాలి" అని బదులిచ్చారు. సంతాపం తెలపడం ఆ తర్వాత గుర్తొచ్చింది. ఆ రోజు నుంచి ఆయన పేరు కామాగారు. ఇంటర్ చదువుతున్న కూతురు కామాగారమ్మాయి. తండ్రి లిఫ్టు ఎక్కితే ఆ పిల్ల మెట్లు ఎక్కుతుంది. ఎక్సర్‌సైజుకి అంటుంది. అది ఎందుకో ఆయనకు తెలుసు. ఈ ఒక్క సాయంత్రం నలుగురూ మెచ్చుకుంటే, కూతురు తన పక్కన నిలబడుతుందని ఆయన ఆశ.

"గ్రహశకలం అని రాస్తే ఎవరికి అర్థమవుతుంది? రాయి అని రాయండి," అంది భార్య, దుప్పటి తలుపు మీద వేస్తూ. ఆవిడ అక్కగారింటికి, కూతురు కాలేజీకి బయలుదేరారు. ఆయన బస్సులో నిలబడి, ఇంటికొకరే ఉండే ఆ గ్రూపుకి ఆహ్వానం రాశారు. 'మన మీదుగా' అని రాయబోయి 'మీదు' దాకా వచ్చేసరికి బస్సు కుదుపుకి వేలు జారింది. ఫోను చూపించిన మాటల్లో పక్కది ఎక్కింది. ఇతరుల రాతను మూడుసార్లు చదివే మనిషి తన రాతను ఒక్కసారి కూడా చదవకుండా పంపేశారు.

"ఈ సాయంత్రం ఏడు గంటల ముప్పై రెండు నిమిషాలకు మన మీదకు ఒక పెద్ద రాయి వస్తోంది. ఏడింటికల్లా అందరూ ఇళ్ళు వదిలి కింద ఆవరణలోకి చేరండి. లైట్లన్నీ ఆర్పేయండి. పెద్దలకు కుర్చీలు, పిల్లలకు దుప్పట్లు తెచ్చుకోండి. ఇలాంటిది మన జీవితంలో మళ్ళీ రాదు."

ప్రెస్సులో ప్రూఫ్ చూసేవాళ్ళు ఫోన్లు బయట అరలో పెట్టి లోపలికి వెళ్ళాలి. ఆయన ఫోను అరలో పడి సాయంత్రం దాకా మోగి మోగి, చేతికొచ్చేసరికి ఛార్జింగ్ అయిపోయింది.

ఇంకొకరు రాసి ఉంటే నవ్వి ఊరుకునేవారు. "కామాగారు తప్పు రాయరండీ. చావు కబురే దిద్దిన మనిషి," అన్నాడు మొదటి అంతస్తు పళ్ళ డాక్టరు. అయినా అనుమానం తీరక అసోసియేషన్ ప్రెసిడెంటుగారు ప్రెస్సుకి ఫోన్ చేశారు.

"ఆయన ఈ రోజు తొందరగా వెళ్తానని పర్మిషన్ అడిగారండీ," అన్నాడు అక్కడి గుమాస్తా. "జీవితంలో ఒక్కసారేనట. ఇంట్లోవాళ్ళతో ఉండాలన్నారు."

అంతే, అపార్ట్‌మెంటు గుండె జారిపోయింది.

ఆరున్నరకు కామాగారు గేటు దగ్గర దిగేసరికి ఆవరణ నిండా జనం. ఇరవై నాలుగు ఇళ్ళూ చీకటి. ఆయన కళ్ళు చెమర్చాయి. ఖగోళశాస్త్రం మీద ఇంత ఆసక్తి ఉన్నవాళ్ళనా ఇన్నాళ్ళూ అక్షరదోషాలకు చిన్నచూపు చూశాను! కొందరు సూట్‌కేసులు ఎందుకు తెచ్చారో, ఒకాయన చేపల తొట్టి ఎందుకు కౌగిలించుకున్నాడో అర్థం కాలేదు గానీ, అడగలేదు. పైకి పరుగెత్తి బట్టల స్టాండుతో సహా టెలిస్కోపు దించారు.

"వస్తుందంటారా?" అడిగారు ప్రెసిడెంటుగారు, సూట్‌కేసు కింద పెట్టకుండా.

"నిమిషం తేడా ఉండదండి."

"ఎంత ఉంటుంది?"

"మన బిల్డింగులాంటివి ఓ పది."

ఎవరో ఆవిడ కెవ్వుమంది. ఉత్సాహం కాబోలనుకున్నారు కామాగారు.

"ఒకవేళ తప్పిపోతే?" అన్నాడు పళ్ళ డాక్టరు ఆశగా.

"ఛ, ఆ మాట అనకండి! తప్పిపోతే మళ్ళీ ముప్పై ఏడేళ్ళు ఆగాలి. ఆకాశం శుభ్రంగా ఉంది. తప్పిపోయే ప్రసక్తే లేదు. ధైర్యంగా ఉండండి."

ఆ తర్వాత ధైర్యం ఎవరికుంటుంది? డాక్టరు వెళ్ళి అత్తగారి కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అత్తయ్యా, ఆ రోజు నేను పీకింది మంచి పన్ను. మీ నొప్పి తగ్గలేదన్నా ఒప్పుకోలేదు. క్షమించండి." ప్రెసిడెంటుగారు పక్కింటాయన చెయ్యి పట్టుకున్నారు. "ఆరేళ్ళుగా తెల్లారే మీ పేపరు తీసుకుని గళ్ళ నుడికట్టు నింపి మళ్ళీ మడిచి పెడుతున్నది నేనే. ఆ నేరం మోపి వాచ్‌మన్‌ని అన్యాయంగా మాన్పించాం." రెండో అంతస్తు కోడలు అత్తగారితో, తనకు బాగోలేదన్న ఆదివారాలన్నీ తాను బాగానే ఉన్నానని చెప్పేసింది. అందరూ అందర్నీ క్షమించేశారు. ఇంకో పావుగంట బతకడానికి ఉన్న కాస్త మంచితనమే సరిపోతుంది.

ఏడుంబావుకి గేట్లోంచి భార్య, కూతురు వచ్చారు. పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి భార్యని వాటేసుకుంది. "చివరి క్షణానికైనా వచ్చారు, అంతే చాలు!"

"ఏం చివరి క్షణం?"

ఆవిడ ఫోను చూపించింది. కూతురు చదివింది. ఇంకోసారి చదివింది. తండ్రి దగ్గరకు వచ్చి ఫోను ముఖం ముందు పెట్టింది.

"నాన్నా, ఇందులో తప్పెక్కడుందో చూడు."

కామాగారు చదివారు. కామాలు, ఫుల్‌స్టాపులు అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. "ఏమీ లేదే," అన్నారు. కూతురు వేలు పెట్టింది. 'మీదకు.'

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఒక్క మాటా అంత పెద్దగా ఆయనకెప్పుడూ కనిపించలేదు. "అది... మీదుగా అండీ," అన్నారు, ఎవరికీ వినపడనంత మెల్లగా. కూతురే గట్టిగా చెప్పాల్సి వచ్చింది. "అంకుల్, రాయి మన మీద పడదు! చాలా ఎత్తున పక్కనుంచి పోతుంది!"

అయినా ఎవరూ ఊపిరి పీల్చుకోలేదు. అందరికీ ఒకేసారి తాము చెప్పినవి గుర్తొచ్చాయి.

"మంచి పన్నా?" అంది డాక్టరు అత్తగారు లేస్తూ.

"పాపం ఆ వాచ్‌మన్!" అరిచాడు పక్కింటాయన.

"పడినా బాగుండేది," అన్నారు ప్రెసిడెంటుగారు.

ఏడూ ముప్పై రెండుకి రాయి తన దారిన తాను మీదుగా పోయింది. ఒక్కరూ తలెత్తలేదు. కామాగారు అసలు ఎత్తలేదు.

రాత్రి భోజనాల దగ్గర ఆయన చేయి కంచంలోనే ఆగిపోయింది. ఆవరణలో ఓ తొంభై ఏళ్ళ ముసలావిడ, ఇక వాడు చదవడని మనవడి పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చిన ఏడుపు కళ్ళముందు మెదులుతోంది.

"గ్రూపులో క్షమాపణ రాస్తాను," అన్నారు.

"రాసింది చాలు," అంది భార్య. "నోటితో చెప్పండి."

ఆయన కంచం పక్కకు జరిపారు. "నిజమే. రేపు పొద్దున్నే ఇరవై మూడు ఇళ్ళకీ వెళ్తాను. ముందు ఆ మూడో అంతస్తాయన దగ్గరకు. వాళ్ళ నాన్నగారి విషయం కూడా ఉంది." ఆగి, కూతురి వైపు చూడకుండా అన్నారు. "నువ్వు కాలేజీకి వెనక గేటు నుంచి వెళ్ళమ్మా. నీకెందుకీ తలవంపులు?"

కూతురు ఆయన గ్లాసులో నీళ్ళు పోసింది.

"నేనూ వస్తాను. నువ్వొక్కడివే వెళ్తే తిట్టేవాళ్ళ ముందు నోరు పెగలదు నీకు." మళ్ళీ తనే అంది. "మనది పై అంతస్తే కదా నాన్నా, ఇక్కడ మొదలుపెట్టి కిందికి దిగుతూ పోదాం."

ఇంతకన్నా దిగజారడానికేమీ లేదనుకుంటున్న కామాగారికి, ఇంకా నాలుగు అంతస్తులున్నాయని అప్పుడు తెలిసింది.